పనీ పాటా

పోయిన నెలలో మా అక్క కూతురు ఫోన్ చేసి ఒక ఫిర్యాదు చేసింది. ఆమె భర్త సైన్యంలో లాన్స్ నాయక్. పెళ్ళైన ఆరు నెలలకు ఉత్తరాదిలో ఒక కంటోన్మెంటులో క్వార్టర్ దొరికితే ఇద్దరూ సామాను సర్దుకుని వెళ్ళారు. వెళ్ళిన నలభై రోజులకే అతని కంపెనీని సరిహద్దు మీదికి పంపించారు. "చిన్నమ్మా, ఇక్కడ బుధవారం బుధవారం ఆడోళ్ళందరినీ హాలుకు పిలిచి పాటలు పాడిస్తుండ్రు. పోకుంటే ఎందుకు రాలేదని అడుగుతుండ్రు. మాకేం పనీ పాటా లేదనుకుంటుండ్రా?" అన్నది. నాకు ముందు నవ్వు వచ్చింది. మన భాష పనినీ పాటనూ ఒకే నోట అంటుందనీ, ఆమెకు ఇప్పుడు లేనిది పనే గాని పాట కాదనీ అనబోయి ఊరుకున్నాను. ఆమె నిజంగానే కోపంలో ఉన్నది. పైగా అది నేను ఎరిగిన కోపమే. 2002లో మా వారి యూనిట్ లైన్లలో కూర్చుని ఇంచుమించు అవే మాటలు నేనూ అన్నాను.

వెళ్ళమని చెప్పాను. ఎందుకు వెళ్ళాలో మాత్రం సరిగ్గా చెప్పలేకపోయాను. మనసు తేలికైతది బిడ్డా అన్నాను. అది అబద్ధం కాదు, అలాగని జవాబూ కాదు. మనసు తేలిక కావడమే కావలసి ఉంటే తలుపు వేసుకుని ఫోనులో పాట విన్నా సరిపోతుంది. ఆ రోజు ఫోనులో చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ తీరికగా వెతుక్కుంటున్నాను.

ఢోలక్ చెక్క మీద చెంచా

2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగిన కొద్ది రోజులకే మా ఫ్యామిలీ లైన్లలో మగవాళ్ళు లేకుండా పోయారు. సైన్యాన్ని సరిహద్దుకు తరలించిన ఆ చర్యకు ఆపరేషన్ పరాక్రమ్ అనే పేరుందని మాకు తరువాత పత్రికల్లో తెలిసింది. అప్పటికి మాకు తెలిసినదల్లా రాత్రి పది గంటలకు లారీలు వచ్చి నిలబడటం, మా వారు హోల్డాల్ కట్టుకుంటూనే గ్యాస్ బండ ఎప్పుడు బుక్ చెయ్యాలో చెప్పడం, తెల్లవారేసరికి ఇరవై నాలుగు క్వార్టర్లలో ఆడవాళ్ళూ పిల్లలూ మాత్రమే మిగలడం. పది నెలలు అలాగే గడిచింది. ఉత్తరం రాయాలంటే నంబరు, పేరు, యూనిట్, దాని కింద 56 ఏపీవో (సైనిక తపాలా కార్యాలయం) అని రాసేవాళ్ళం; ఆ చిరునామాలో ఊరి పేరు ఉండదు కనుక మనిషి ఇసుకలో ఉన్నాడో మంచులో ఉన్నాడో ఊహించుకోవడానికి కూడా ఆధారం ఉండేది కాదు.

మా లైనులో తెలుగువాళ్ళం నలుగురం. ఇద్దరిది శ్రీకాకుళం, ఒకరిది కర్నూలు, నాది హనుమకొండ. హిందీ వచ్చునన్న ధైర్యంతో వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే. అది మా బజారులో నేర్చిన హిందీ. మాట మాటకూ వద్దు అనడానికి 'నక్కో' అనీ అవును అనడానికి 'హౌ' అనీ దొర్లేది. నీళ్ళ పంపు దగ్గర మొదటిసారి నేను 'నక్కో' అనగానే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు, ముచ్చటపడి మళ్ళీ ఒకసారి అనమని కూడా అడిగారు. అయినా ఆ రోజు నుంచి నేను నోరు మూసుకున్నాను. తరువాత రెండు నెలల పాటు నేను మాట్లాడిన హిందీ అంతా పాలవాడికీ మందుల చీటీకీ సరిపోయేంతే.

పద్నాలుగో నంబరు క్వార్టర్‌లో ఒక గఢ్వాలీ ఆవిడ ఉండేది. వయసులో మా అందరికంటే పెద్దది, ఆమె దగ్గర ఢోలక్ ఉండేది. మంగళవారం సాయంత్రాలు యూనిట్ మందిరంలో ఆడవాళ్ళ కీర్తన్ జరిగేది. ఆవిడ ఢోలక్‌ను మోకాలి కింద అదిమిపట్టి రెండు చేతులా వాయిస్తూ ఉంటే, ఎదురుగా మరొకరు కూర్చుని స్టీలు చెంచాతో ఆ ఢోలక్ చెక్క మీదనే టక్ టక్‌మని తాళం వేసేవారు. ఒక మంగళవారం నాడు ఆవిడ పంపు దగ్గర నన్ను చూసి, ఏమీ అడగకుండా, నా బకెట్ తానే ఎత్తి మా గడపలో పెట్టి, నన్ను మందిరానికి తీసుకుపోయి చెంచా చేతిలో పెట్టింది. మాట రానిదానికి చెయ్యదగిన పని అది. రెండు వారాలు చెంచా కొట్టాను. మూడో వారానికి, చుట్టూ అందరూ అందుకుంటున్న పల్లవిని నేనూ అందుకున్నాను. అందులో సగం మాటలకు నాకు అర్థం తెలియదు. నలుగురి మధ్య ఒక గంట సేపు నోరు తెరిచి కూర్చున్నాను, అదీ ఒక్క వాక్యమైనా ముందుగా మనసులో కూర్చుకోవలసిన అవసరం లేకుండా.

సైనికుల భార్యల మధ్య మాటలు కలవడం బయటివాళ్ళు అనుకున్నంత సులభం కాదు. అందరి మనసులోనూ ఉన్న సంగతి ఒక్కటే, దాని గురించే మాట్లాడటానికి వీల్లేదు. యూనిట్ ఎక్కడుందో చెప్పకూడదు. చాలామందికి చెప్పడానికి తెలియదు కూడా. ఒకరికి ఉత్తరం వచ్చి మరొకరికి రాకపోతే వచ్చినావిడ దాన్ని కొంగు కింద దాచుకుంటుంది. భయం అనే మాటను ఒకరు పైకి అన్నారంటే అది లైను మొత్తానికి పాకుతుంది కనుక ఎవరూ అనరు. మిగిలినవి కూరగాయల ధరలు. అటువంటి చోట పాట ఒక వెసులుబాటు ఇస్తుంది. లోపలి సంగతి విప్పనక్కరలేకుండానే పక్క మనిషి దగ్గర గొంతు తెరిచి కూర్చోవచ్చు. ఆ గఢ్వాలీ ఆవిడ తన భర్త గురించి ఏడాదిలో నాతో ఒక్క మాట అనలేదు. ఆమె ఏ రోజు బెంగ పడిందో మాత్రం నాకు తెలిసేది. ఆ రోజు ఢోలక్ దెబ్బ కొంచెం తొందరగా నడిచేది.

ఇంకొక సంగతి. పాటకు కూర్చున్న గుంపులో రాని మనిషి కనబడుతుంది. తొమ్మిదో నంబరు ఆవిడ వరుసగా రెండు వారాలు రాకపోతే, మూడో వారం వెళ్ళి తలుపు తట్టాము. నాలుగేళ్ళ పిల్లవాడు స్టూలు వేసుకుని గొళ్ళెం తీశాడు. ఆమె మూడు రోజులుగా జ్వరంతో మంచం దిగలేదు; పిల్లవాడు బ్రెడ్ తిని ఉన్నాడు. పక్క క్వార్టర్‌లో ఉన్నవాళ్ళం, గోడ అవతల ఉన్నవాళ్ళం, మాకు తెలియలేదు. చాప మీద ఆమె కూర్చునే చోటు ఖాళీగా కనబడ్డాకనే తెలిసింది.

ఏడు నెలల లెక్క

నేను ఇదంతా మా కంటోన్మెంటు ముచ్చటే అనుకునేదాన్ని. బ్రిటన్‌లో సైనికుల భార్యలు కట్టుకున్న బృందగాన సంఘాల గురించి చదివిన తరువాత ఆ అభిప్రాయం మారింది. ఉత్తర ఇంగ్లండులోని కాటరిక్ స్థావరంలో 2010లో, భర్తలు ఆఫ్ఘనిస్తాన్ వెళ్ళిన కాలంలో, కొందరు ఆడవాళ్ళు కలిసి పాడటం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది గారెత్ మలోన్ అనే బృందగాన శిక్షకుడు డెవన్‌లోని చివెనార్ స్థావరంలో అటువంటి బృందాన్నే తయారు చేస్తుండగా బీబీసీ దాన్ని దేశమంతటికీ చూపింది. భార్యాభర్తలు రాసుకున్న ఉత్తరాలలోని మాటలను ఏరి పాల్ మీలర్ అనే స్వరకర్త ఒక పాట కట్టాడు. 2011 క్రిస్మస్ నాటికి అక్కడి అమ్మకాల జాబితాలో అదే మొదటి స్థానంలో నిలిచింది. ఆ కీర్తి సంగతి అలా ఉంచితే, నన్ను ఆపినవి రెండు చిన్న విషయాలు. ఆ బృందాలలో చేరడానికి గొంతు పరీక్ష లేదు. ఒక స్థావరం నుంచి మరొక స్థావరానికి బదిలీ అయినావిడ అక్కడి బృందంలో వెళ్ళి కూర్చోవచ్చు. సంఘం మారదు, ఊరు మాత్రమే మారుతుంది.

ఇక్కడ ఒక పరిశోధనను చెప్పాలి, ఎందుకంటే మొదటి చూపుకు అది నా వాదనను పడగొట్టేలా ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఐలునెడ్ పియర్స్, జాక్ లోనే, రాబిన్ డన్బార్ 2015లో ప్రచురించిన అధ్యయనం అది. కొత్తగా మొదలైన వయోజన తరగతులను, కొన్ని పాటలవి, కొన్ని చేతిపనులవి, కొన్ని రచనవి, ఏడు నెలల పాటు గమనించారు. పాట తరగతిలోని వాళ్ళు తక్కినవాళ్ళ కంటే చాలా తొందరగా ఒకరికొకరు దగ్గరయ్యారు. ఏడో నెల వచ్చేసరికి మాత్రం అన్ని తరగతులూ సమానమైపోయాయి. కుట్లు అల్లికలు నేర్చుకున్నవాళ్ళూ అంతే సన్నిహితంగా ఉన్నారు.

అయితే పాటలో ప్రత్యేకత ఏముంది, స్వెట్టర్ అల్లుకున్నా సరిపోతుంది కదా అని ఎవరైనా అనవచ్చు. మా వారు అన్నారు కూడా. ఒకే ఊళ్ళో ఇరవై ఏళ్ళు ఉండేవాళ్ళకు ఆ మాట సరిపోతుంది. సైనికుడి భార్యకు ఒక స్టేషనులో దొరికేది రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు. అందులోనూ భర్త ఏ నెలలో వెళ్ళిపోతాడో తెలియదు. మా అక్క కూతురికి దొరికింది నలభై రోజులు. ఏడో నెలలో కుదిరే స్నేహం ఆమెకు ఏం పనికొస్తుంది? అప్పటికి ఆమె భర్త తిరిగి రావచ్చు, లేదా పక్కింటావిడ పెట్టెలు సర్దుకుని మరో రాష్ట్రానికి వెళ్ళిపోవచ్చు. తొలి నెల ఒంటరితనమే ఆ జీవితంలో అన్నింటికంటే బరువైనది, దాన్ని తొందరగా దించేదేదో అదే వాళ్ళకు కావలసింది. అధ్యయనం తేల్చిన ఆ 'తొందర' అనే చిన్న తేడాయే సైనిక కుటుంబాల విషయంలో మొత్తం తేడా అని నా నమ్మకం.

ఎందుకు తొందరగా కలుపుతుందన్న దానికి నాకు అర్థమైన కారణం ఊపిరి. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో బ్యోర్న్ వికోఫ్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధనలో, కలిసి పాడుతున్నవాళ్ళ గుండె వేగం ఒకేసారి పెరుగుతూ ఒకేసారి తగ్గుతూ ఉండటం కనిపించింది. పాట పాదం ఎక్కడ విరిగితే అక్కడే అందరూ ఊపిరి తీసుకుంటారు. ఊపిరి లోపలికి పోయినప్పుడు గుండె కొంచెం తొందరపడుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. మన మగవాళ్ళకు సైన్యం మొదటి రోజు నుంచి చేయించేదీ ఇటువంటిదే. విలియం మెక్‌నీల్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1941లో సైన్యంలో చేరి, తుపాకులు కూడా సరిగ్గా లేని టెక్సాస్ శిబిరంలో గంటల కొద్దీ కవాతు చేశాడు. అర్థం లేని పని అనుకుంటూనే, అందరితో అడుగు కలిసినప్పుడు ఒంట్లో కలిగిన ఆనందాన్ని మరచిపోలేక, అర్ధ శతాబ్దం తరువాత దాని మీద ఒక గ్రంథమే రాశాడు. మా వారు పదవీ విరమణ చేసి పదేళ్ళు దాటినా ఎక్కడైనా 'కదమ్ తాల్' అనే కవాతు ఆజ్ఞ వినబడితే ఆయన పాదం కదులుతుంది. వాళ్ళకు జీతం ఇచ్చి మరీ ఏర్పరచిన ఆ బంధం, ఇంటి దగ్గర మిగిలిన ఆడవాళ్ళకు ఎవరూ ఏర్పరచరు. చెంచాతోనో చప్పట్లతోనో మేమే ఏర్పరచుకోవాలి.

మేడమ్ తాళం

అయితే మా అక్క కూతురి కోపంలో న్యాయం ఉంది. పిలిచి పాడించడం వేరు. ఒక పెద్ద అధికారి వస్తున్నారని మా చేత మూడు వారాలు సమూహగానం సాధన చేయించిన సందర్భం నాకు బాగా గుర్తుంది. అది ఏ స్టేషనో ఇక్కడ అనవసరం. ఒకే రంగు చీరలు కట్టుకోమన్నారు. ఆ రంగు చీర లేనివాళ్ళు కొనుక్కున్నారు, ఆ డబ్బు ఎవరూ ఇవ్వలేదు. ముందు వరుసలో ఎత్తూ రంగూ చూసి నిలబెట్టారు. నన్ను మూడో వరుసలో నిలబెట్టి, మెల్లగా పాడమన్నారు. సాధనకు కమాండింగ్ అధికారి భార్య కూడా వచ్చి ముందు కూర్చుని చప్పట్లు కొట్టేవారు. ఆవిడ మంచి మనిషే గాని తాళం తెలియదు. ఆవిడ చప్పట్లు అర మాత్ర వెనక్కు జారగానే నలభై మంది ఆడవాళ్ళం, ఒకరినొకరు చూసుకోకుండానే, ఆవిడ చప్పట్లకు సరిపోయేలా పాటను వెనక్కు లాగేవాళ్ళం. భర్త ఉద్యోగం మీద బతుకుతున్న నలభై ఇళ్ళ లెక్క ఆ అర మాత్రలో ఉంది. కార్యక్రమం అయిపోయింది, ఫోటో దిగాము, ఆ గుంపు మళ్ళీ ఎప్పుడూ కలవలేదు.

అదే ఆడవాళ్ళు, ఇంచుమించు అంతే సమయం, అంతకంటే మంచి పాట. మంగళవారం చాప మీద కుదిరింది అక్కడ కుదరలేదు. తేడా ఎక్కడుందని చాలా కాలం ఆలోచించాను. చాప మీద కూర్చున్నప్పుడు వినేవాళ్ళు వేరే లేరు, పాడేవాళ్ళే వినేవాళ్ళు. వేదిక మీద మేము ఎవరికోసమో నిలబడ్డాము కనుక పక్క మనిషి గొంతు నాకు తోడు కాలేదు, పోటీ అయింది.

ఈ మాట ఇంత తేలికగా అనేసి ముందుకు పోవడానికీ వీల్లేదు. బ్రిటన్ ఆడవాళ్ళ బృందాలు పెరిగింది వేదిక వల్లనే. టెలివిజన్ లేకపోతే ఆ సంగతి కాటరిక్ దాటేదే కాదేమో. మా మంగళవారం కీర్తన్ కూడా దేవుడి పేరు మీద, యూనిట్ ఇచ్చిన గదిలో, యూనిట్ ఇచ్చిన చాప మీద జరిగింది. పిలిచేవాళ్ళు లేకపోతే, ఒక తేదీ ముందర లేకపోతే, అలసిన ఆడవాళ్ళు రావడం మానేస్తారు. ఇది నా అనుభవమే. హనుమకొండకు వచ్చాక మాజీ సైనికుల కుటుంబాల ఆడవాళ్ళం నెలకొకసారి కలిసి పాడుకుందామని నేనే పూనుకున్నాను. మొదటిసారి పదకొండు మంది, రెండోసారి ఆరుగురు, మూడోసారి నేనూ మా ఎదురింటావిడా టీ తాగి లేచాము. కనుక పిలుపు తప్పని నేను అనలేను. పిలిచినవాళ్ళు గది తాళం తీసి, చాప వేసి, తాము కుర్చీలో కాకుండా ఆ చాప మీదనే కూర్చోవాలని మాత్రం అంటాను.

మరొక అనుమానం ఇంతకంటే పెద్దది. బెంగనూ కోపాన్నీ పాటలో కరిగించేస్తే అడగవలసిన ప్రశ్నలు అడగకుండా పోతామేమో, ఆడవాళ్ళను ఊరుకోబెట్టడానికి పాట ఒక జోలపాట అవుతుందేమో అని. తెలంగాణలో పెరిగినవాళ్ళు ఈ అనుమానాన్ని ఎక్కువసేపు నిలుపుకోలేరు. మా అమ్మ తరం వరినాట్లలో వంగి పాడిన పాటల్లో అత్తను తిట్టారు, దొరను తిట్టారు, కూలి తక్కువిచ్చిన ఆసామిని అతను గట్టు మీద నిలబడి ఉండగానే తిట్టారు. పాట కనుక అతను ఏమీ అనలేకపోయేవాడు. మా చాప మీద కూడా ఢోలక్ పక్కన పెట్టిన తరువాతనే అసలు మాటలు మొదలయ్యేవి. ఇంటికి జీతం పంపే కాగితం ఎవరిది ఆగిపోయింది, క్వార్టర్ ఖాళీ చెయ్యమని ఎవరికి చీటీ వచ్చింది అన్నవన్నీ అక్కడే తెలిశాయి. ఒక్కరుగా సుబేదార్ సాబ్ దగ్గరకు వెళ్ళడానికి జంకినవాళ్ళు ఐదుగురు కలిసి వెళ్ళారు.

తంగేడు లేని బతుకమ్మ

ఆ ఏడాది అక్టోబరులో మగవాళ్ళు ఇంకా రాలేదు, పెత్రమాస వచ్చింది. ఇక్కడైతే ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి ముందర అడుగు పెట్టడానికి చోటుండదు. అక్కడ తంగేడు లేదు, గునుగు లేదు, గుమ్మడి ఆకు కూడా లేదు. కూరగాయలవాడి దగ్గర కాలీఫ్లవర్ ఆకులు అడిగి తెచ్చి స్టీలు తాంబాళంలో పరిచి, మందిరం తోటలోని బంతిపూలు కోసి జానెడు ఎత్తు పేర్చాను. శ్రీకాకుళం వాళ్ళకూ కర్నూలు ఆవిడకూ ఇది తెలియని పండుగ. లైను మధ్యలో పెట్టి నేను ఒక్కదాన్నే పాట ఎత్తుకుంటే ఎవరు అందుకుంటారని సిగ్గుపడ్డాను. కాని అందుకోవలసినది ఒక్క 'ఉయ్యాలో' అనే మాట. రెండో చరణానికి ఒడియా ఆవిడ అందుకున్నది, అయిదో చరణానికి లైనంతా అందుకున్నది. పంజాబీ ఆడవాళ్ళు ఇది మా గిద్దాయే, కాకపోతే మీరు నిదానంగా తిరుగుతారు అన్నారు. గిద్దాలో కూడా ఒకరు బోలీ అనే చిన్న పాట ఎత్తుకుంటే వలయంలోని వాళ్ళు చప్పట్లతో అందుకుంటారు. ఎత్తుకునేవాళ్ళకు కథంతా తెలియాలి, అందుకునేవాళ్ళకు ఒక్క మాట చాలు. కొత్తగా వచ్చినదాన్ని మొదటి రోజే లోపలికి రానిచ్చే ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

ఆ రోజు జరిగిన ఇంకొక సంగతి కూడా చెప్పాలి, అది నాకు గౌరవం తెచ్చేది కాదు. ఆ వేసవిలో మా యూనిట్ హవల్దార్ ఒకాయన మందుపాతర పేలి చనిపోయారు. ఆయన భార్య పిల్లల చదువు కోసం ఇంకా క్వార్టర్‌లోనే ఉన్నది. మేము తిరుగుతుంటే ఆమె తన గడపలో నిలబడి చూస్తున్నది. మా ఊళ్ళో భర్త లేని ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని చూసేవారే గాని ఆటలోకి వచ్చేవారు కాదు. అన్ని ఊళ్ళలో అలా లేదని నాకు తరువాత తెలిసింది. ఆ వలయంలో ఆ ఆచారం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, చూసి చూడనట్టు పాట సాగించిందాన్నీ నేనే. ఏ ఆచారమూ తెలియని పంజాబీ ఆవిడ ఒకతె వలయం విడిచి వెళ్ళి, ఆమె మణికట్టు పట్టుకుని తెచ్చి తన పక్కన నిలబెట్టుకున్నది. ఆట ముగిశాక గౌరమ్మ పసుపు పంచుతూ ఆమె ముందుకు వచ్చి నా చెయ్యి ఆగింది. ఆమె తానే అరచెయ్యి చాపింది, పసుపు అందులో పెట్టాను.

సైనికుల భార్యల సంఘం అన్నప్పుడల్లా నాకు ఆ అరచెయ్యి గుర్తుకు వస్తుంది. ఆ వలయంలో ప్రతి ఒక్కరూ రాత్రిళ్ళు భయపడుతున్న సంగతి ఆమెకు నిజంగా జరిగింది. ఆమెను గడపలో నిలబెట్టి మేము పాడుకుంటే అది మాకు మేము చెప్పుకునే అబద్ధం అయ్యేది. బ్రిటన్ బృందాలలో సైన్యంతో సంబంధం ఉన్న ఏ స్త్రీ అయినా చేరవచ్చన్న నియమం చదివినప్పుడు, ఆ నియమం రాసినవాళ్ళు ఎప్పుడో ఒకసారి ఇటువంటి గడప ముందు నిలబడి ఉంటారని అనుకున్నాను.

నోరు మూసుకుని తిరిగే ఆట

ఇప్పుడు హనుమకొండలో బతుకమ్మ ఆడుతుంటే నాకు వేరే దిగులు. మా వాడకట్టులో నాలుగేళ్ళుగా డీజే పెడుతున్నారు. రెండు నిలువెత్తు పెట్టెల్లో నుంచి పాట వస్తుంది, ఆడవాళ్ళు దాని చుట్టూ తిరుగుతారు, చప్పట్లు కూడా దాని దెబ్బకు తగ్గట్టు పడతాయి. నోళ్ళు మూసి ఉంటాయి. పక్కావిడతో మాట్లాడాలన్నా అరవాలి. పువ్వులు ఎప్పటికంటే ఎక్కువ ఉన్నాయి, సత్తుపిండి ఉంది, వలయం ఉంది. ఒకరు ఎత్తుకుంటే మరొకరు అందుకోవడం లేదు. పోయినేడు కరెంటు పోయి ఇరవై నిమిషాలు డీజే ఆగితే, ముసలమ్మలు నలుగురు పాట ఎత్తుకున్నారు. చిన్నవాళ్ళు ఫోన్లు తీసి వాళ్ళను వీడియో తీశారు. వీడియో తీసేవాళ్ళు అందుకోలేరు కదా.

ఇది పాత కాలపు గొణుగుడు అని కొట్టివేసేవాళ్ళు ఉంటారు. నేను దీన్ని ఇక్కడ తేవడానికి కారణం ఉంది. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం వంటి ఊళ్ళలో ఇంటింటికీ సైనికులే కనుక అక్కడి ఆడవాళ్ళకు తమవంటి వాళ్ళు గోడ పక్కనే ఉంటారు. మా వరంగల్, జగిత్యాల పల్లెల్లో ఊరికి ఒకటో రెండో మిలటరీ ఇళ్ళు. క్వార్టర్ దొరకక అత్తగారింట్లో ఉండిపోయిన జవాను భార్యకు ఆ ఊళ్ళో తనవంటిది లేదనిపిస్తుంది. నిజానికి ఉంది. జగిత్యాల వైపు, సిరిసిల్ల వైపు దుబాయికో మస్కట్‌కో పోయినవాళ్ళ భార్యలు ఏ వాడకట్టులోనైనా కనబడతారు; ఏళ్ళ తరబడి ఎదురుచూడటంలో వాళ్ళు సైనికుల భార్యలకే పాఠం చెప్పగలరు, వాళ్ళకు మాత్రం ఏ బిరుదూ లేదు. ఈ ఇద్దరూ ఒక చోట నిలబడే సందర్భం ఏడాదిలో ఆ తొమ్మిది రోజులే. ఆ తొమ్మిది రోజులూ పాటను పెట్టెకు అప్పగించేస్తే ఇక వాళ్ళు కలిసేదెక్కడ?

మా అక్క కూతురు చెప్పిన మరో కారణాన్ని తేలికగా తీసివేయలేను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్యలోనే ఆమె భర్తకు సిగ్నల్ దొరుకుతుంది, ఆ వేళలోనే వీడియో కాల్ రావచ్చు, రాకపోవచ్చు. హాలులో కూర్చుంటే కాల్ పోతుంది. మాకు ఉత్తరం వచ్చినప్పుడే వచ్చేది, కనుక సాయంత్రాలు మావి. ఫోను వచ్చాక దూరం తగ్గింది గాని ఎదురుచూపు గంటలకు కట్టుబడిపోయింది, ఆ గంటలు ఆడవాళ్ళను విడివిడిగా గదుల్లో కూర్చోబెడుతున్నాయి. ఆమెను కాల్ వదులుకొమ్మని నేను ఎలా చెప్పగలను? అందరి కాల్ వేళా అదే కదా, వేళ మార్చమని మీరే అడగండి అన్నాను. అడిగారట. ఇప్పుడు నాలుగు గంటలకు కలుస్తున్నారు.

మొన్న మళ్ళీ ఫోన్ చేసింది. ఢోలక్ వాయించే ఆవిడ భర్తకు పోస్టింగ్ వచ్చిందట, వచ్చే నెల వెళ్ళిపోతున్నదట, ఢోలక్ కూడా ఆమెదేనట. ఆమె పోయేలోపు మరొకావిడ వాయించడం నేర్చుకుంటున్నది. ఈమెను చెంచా పట్టమన్నారు. ఎప్పుడూ లేనిది, ఫిర్యాదు ఏమీ చెయ్యలేదు.

"చిన్నమ్మా, మా ఇంట్ల చెంచాలన్నీ పలుచగున్నయి. రెండు దెబ్బలకే వంగుతున్నయి."

"పప్పు గరిటె సన్నది లేదా?"

"ఉన్నది గని అది పెద్దగ మోగుతది."

"కాడ దగ్గర కాదు, నడుమ పట్టుకో" అన్నాను.